బండి ఆలస్యమైంది, నింద నాకొచ్చింది

నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా రాశారు. ఊరు, బండి నంబరు బయటపెట్టవద్దన్నారు కనుక అవి తీసేసి, సంగతి మాత్రం చెబుతాను.

ఆమె ప్రైవేటు బడిలో ఉపాధ్యాయురాలు. మామగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కొంతకాలంగా ఆయనకు వెన్నునొప్పి. ఆపరేషన్ అవసరమో కాదో తేల్చుకోవడానికి వేలూరులోని ఒక ఆసుపత్రిలో చాలా ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. కారు మాట్లాడుకుని వెళ్లండని భర్త అంటే, నడుము పట్టేసిన మనిషిని అంత దూరం కూర్చోబెట్టడం ఎందుకు, రైల్లో అయితే పడుకుని వస్తారు కదా అని ఈమే ఒప్పించారు. సాయంత్రం నల్లగొండలో ఎక్కితే తెల్లవారి 5.40కి చెన్నై. అక్కడ 6.50కి కాట్పాడి వైపు వెళ్లే మరో బండికి విడిగా టికెట్లు. వేలూరు వెళ్లేవాళ్లు దిగేది కాట్పాడిలోనే. డాక్టరు చూసేది 10.30కి. మామగారు, అత్తగారు, ఈమె, ముగ్గురూ బయలుదేరారు.

బండి నల్లగొండకే 50 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎక్కాక దారి పొడవునా ఆగుతూనే ఉంది. ఎందుకు ఆగిందో చెప్పిన నాథుడు లేడు. మామగారికి నిద్ర పట్టక, ఉద్యోగంలో పడిన అలవాటు కొద్దీ, అపాయింట్‌మెంట్ కాగితం వెనక పెన్సిల్‌తో బండి ఆగిన చోటు, ఆగిన టైము, కదిలిన టైము వరుసగా రాసుకుంటూ పోయారు. విష్ణుపురం దగ్గర 55 నిమిషాలు. పిడుగురాళ్ల దాటాక గంటా పది. ఒంగోలుకు ముందు, బోర్డు కనిపించని చిన్న స్టేషనులో గంటన్నర. చెన్నైలో దిగేసరికి 11.15. ట్యాక్సీకి 4,800 రూపాయలు పెట్టి వేలూరు చేరితే, ఆ డాక్టరు మళ్లీ దొరికేది అయిదు రోజుల తర్వాతేనన్నారు. లాడ్జికి 4,500 అయింది. ఎక్కని కాట్పాడి బండి టికెట్లు 420, తిరుగు టికెట్లు రద్దు చేసుకోవడంలో 540 పోయాయి. బడిలో ఈమె జీతంలో 3,200 కోసుకున్నారు.

ఊరికొచ్చాక, టికెట్లు బుక్ చేసిన నెట్ సెంటర్ అతను "మూడు గంటలు దాటితే డబ్బంతా వెనక్కి వస్తుందమ్మా" అని 150 రూపాయలు తీసుకుని టీడీఆర్, అంటే టికెట్ డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేశాడు. అది తిరస్కరించారు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫిర్యాదు చేస్తే, ఆలస్యానికి పరిహారం ఇచ్చే నిబంధన లేదని చెప్పి మూసేశారు. హైదరాబాదులో లా చదువుతున్న తమ్ముడు "గంటకు ఇంత చొప్పున రైల్వే ఇవ్వాలి" అన్న వాట్సాప్ సందేశం ఒకటి పంపి, అయిదు లక్షలకు కేసు వేద్దామంటున్నాడు. ఆలస్యం వల్ల జబ్బు ముదిరిందని కూడా రాయమంటున్నాడు. మరిదేమో రైల్వేలో ట్రాక్ మెయింటెయినర్. "నా మీదికి వస్తుంది వదినా, వదిలేయండి" అని బతిమాలుతున్నాడు. అత్తగారు ఒకసారి "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా" అంటారు, ఇంకోసారి "ఆ రోజు కారులో వెళ్లి ఉంటే ఈ బాధ ఉండేదా" అంటారు. భర్త ఏమీ మాట్లాడరు. ఉత్తరంలో ఆమె చివరి వాక్యం: "కేసు వేయకపోతే, తప్పు నాదేనని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా?"

సమాధానం:

మీ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. మిగతా ఉత్తరమంతా దానికోసమే రాసినట్టు అనిపించింది. వినియోగదారుల కమిషన్ తేల్చేది ఒక్కటే: రైల్వే సేవలో లోపం ఉందా, ఉంటే మీకు ఎంత ఇప్పించాలి. కారు బదులు రైలు అన్న మీ సలహా మంచిదా కాదా అన్నది అక్కడ విచారణకే రాదు. మీరు గెలిచినా అత్తగారు "అయినా సరే, కారులో వెళ్లి ఉంటే" అనగలరు. ఓడినంత మాత్రాన మీ సలహా తప్పయిపోదు. వెన్నునొప్పి ఉన్న పెద్దాయన పడుకుని ప్రయాణం చేయాలని చూడటంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఇంట్లో మీ మాట నెగ్గడం కోసమే కేసు వేస్తే, వాయిదా పడిన ప్రతిసారీ ఇంట్లో అదే పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. పోయిన డబ్బు కోసమో, బండి ఎందుకు ఆగిందో జవాబు చెప్పించడం కోసమో వేస్తే సంగతి వేరు. ఈ రెండింటిలో మీకు ఏది కావాలో ముందు మీరే తేల్చుకోవాలి.

ఇక డబ్బు సంగతి. మూడు వేర్వేరు విషయాలు మీ ఇంట్లో కలగాపులగం అయిపోయాయి.

మీ తమ్ముడు పంపిన సందేశంలో పిసరంత నిజం ఉంది, అది కూడా పాతబడింది. ఐఆర్‌సీటీసీ సొంతంగా నడిపిన తేజస్ రైళ్లలో గంట దాటి ఆలస్యమైతే 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇచ్చే పద్ధతి ఉండేది. లక్నో–న్యూఢిల్లీ తేజస్ 2019 అక్టోబరులో, అహ్మదాబాద్–ముంబయి తేజస్ 2020 జనవరిలో మొదలయ్యాయి. ఆ చెల్లింపును 2024 ఫిబ్రవరిలో ఆపేశారు. మామూలు ఎక్స్‌ప్రెస్ బండ్లకు అలాంటి రేటు పట్టిక ఎన్నడూ లేదు. ఇన్ని గంటలు ఆలస్యమైతే ఇంత అని దానంతట అది ఖాతాలో పడే పరిహారం మన దగ్గర లేదు. 139లో మీకు చెప్పింది ఆ మేరకు నిజమే. కాకపోతే నిబంధన లేదనడం, హక్కు లేదనడం ఒకటి కావు. అక్కడికి తర్వాత వస్తాను.

రెండోది నెట్ సెంటర్ అతను చెప్పిన మూడు గంటల నిబంధన. అది ఉంది, 2015 నాటి వాపసు నియమాల్లోనే ఉంది. కాని అది మీకు వర్తించదు. మీరు ఎక్కాల్సిన స్టేషనుకు బండి మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తూ, మీరు ప్రయాణం మానుకుంటే, ఆ బండి మీ స్టేషను నుంచి కదిలేలోపు టీడీఆర్ వేస్తే, కోత లేకుండా మొత్తం డబ్బు వెనక్కి వస్తుంది. మీ బండి నల్లగొండకు వచ్చింది 50 నిమిషాల ఆలస్యంతో. పైగా మీరు ఎక్కారు, గమ్యానికి చేరారు. చివరి స్టేషనులో ఎంత ఆలస్యమైందన్నది ఈ నిబంధనకు పట్టదు. తిరస్కరించడంలో ఆశ్చర్యం లేదు. ఆ తలుపు మూసుకుపోయింది, దాని చుట్టూ తిరగకండి.

నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. టీడీఆర్ వేసేటప్పుడు జాబితా నుంచి ఒక కారణం ఎంచుకోవాలి. మూడు గంటల ఆలస్యానికి సంబంధించిన కారణంలో "ప్రయాణం చేయలేదు" అన్న మాట కూడా కలిసే ఉంటుంది. అతను అదే నొక్కి ఉంటాడని నా అనుమానం. అంటే ప్రయాణం చేసిన మీరు, చేయలేదని రైల్వేకు రాసి ఇచ్చినట్టు. రేపు మీరు కమిషన్‌కు వెళితే అవతలి వకీలు మొదట తీసే కాగితం ఇదే అవుతుంది. కాబట్టి ఆ నెట్ సెంటర్‌కు వెళ్లి, ఏ కారణం కింద వేశాడో చూసి, దాని ప్రింటు తీసుకోండి. నేను అనుమానించినట్టే ఉంటే దాచవద్దు. టికెట్ బుక్ చేసిన వ్యక్తి నిబంధన తెలియక అలా వేశాడని, దాని వల్ల మాకు రూపాయి కూడా రాలేదని, మేము ప్రయాణం చేసిన మాట వాస్తవమని ఫిర్యాదులోనే ముందుగా చెప్పండి. మనం చెబితే పొరపాటు, వాళ్లు బయటపెడితే అబద్ధం.

అక్కడికి వెళ్లినప్పుడే, ఆ టికెట్లు అధికారిక ఏజెంటు ఐడీ మీద తీశాడో, తన సొంత ఐడీ మీద తీశాడో కూడా అడగండి. సొంత ఐడీతో టికెట్లు తీసి ఊరందరికీ అమ్ముకోవడం రైల్వే చట్టం ప్రకారం నేరం. ఇబ్బంది అతనికే అయినా, అలాంటి టికెట్ పట్టుకుని కేసుకు వెళ్లడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం, పరిహారం. దీనికి మీకు దారి ఉంది, మామూలు దారి కాదు, సుప్రీంకోర్టు వేసిన దారి. 2016 జూన్‌లో అజ్మీర్–జమ్ము ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఒక కుటుంబం ఉదయం 8.10కి జమ్ము చేరాలి. బండి దాదాపు నాలుగు గంటలు ఆలస్యమై మధ్యాహ్నం 12కు చేరింది. అదే వేళకు వాళ్లు శ్రీనగర్‌కు ఎక్కాల్సిన విమానం వెళ్లిపోయింది. ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్లారు. అల్వార్ జిల్లా వినియోగదారుల ఫోరం ట్యాక్సీకి 15,000, బుకింగుల నష్టానికి 10,000, మనోవేదనకు, కేసు ఖర్చులకు అయిదేసి వేలు ఇప్పించింది. రైల్వే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లింది, జాతీయ కమిషన్‌కు వెళ్లింది, చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 సెప్టెంబరు 6న జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ అనిరుద్ధ బోస్ ధర్మాసనం ఆ ప్రయాణికుడి పక్షానే తీర్పు చెప్పింది.

ఆ తీర్పులో మీకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్ల జరిగిందని, లేదా దానికి తగిన సమర్థన ఉందని రైల్వేయే సాక్ష్యంతో చూపాలి. చూపలేకపోతే పరిహారం ఇవ్వాలి. టైంటేబుల్ ప్రకారం నడుపుతామని మేము హామీ ఇవ్వలేదు అంటూ రైల్వే తన టారిఫ్ (ఛార్జీలు, షరతుల పుస్తకం)లోని 114, 115 నిబంధనలను చూపించినా అది నిలబడలేదు. మీ విషయంలోనూ ఇదే వాదన వస్తుంది. విని కంగారు పడకండి.

ఈ తీర్పును మీ తమ్ముడు చదివినట్టు చదవకూడదు. ఆలస్యమైన ప్రతి బండికీ పరిహారం ఉందని అది చెప్పలేదు. రైల్వే సరైన కారణం చూపిస్తే కథ అక్కడితో ముగుస్తుంది. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. అలాంటి రోజున ఆలస్యమైందని ఎవరైనా కేసు వేస్తే ఏ కమిషనూ వినదు. మరి మీ బండి ఎందుకు ఆగింది? మీకు తెలియదు, నాకూ తెలియదు. మనవైపు బీబీనగర్ నుంచి గుంటూరు దాకా ఎక్కువ భాగం ఒంటి లైను. ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఆగడం ఆ దారిలో తిరిగేవాళ్లకు కొత్త కాదు. 239 కిలోమీటర్ల ఆ మార్గాన్ని రెండు లైన్లుగా చేయడానికి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. పనుల కోసం లైను ఆపితే బండ్లు నిలుస్తాయి. రేపు రైల్వే ఆ మాటే చెప్పవచ్చు.

ఆ మాట చెల్లుతుందా అన్నదానికి 2023లో కేరళలోని ఎర్నాకులం జిల్లా కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు చూడండి. 13 గంటలు ఆలస్యమైన బండి గురించి అక్కడ ఒక ప్రయాణికుడు ఫిర్యాదు చేస్తే, యార్డు పనులు జరుగుతున్నాయని రైల్వే చెప్పుకుంది. పని ముందే నిర్ణయమైనప్పుడు ప్రయాణికుడికి ముందే ఎందుకు చెప్పలేదని కమిషన్ తప్పు పట్టి, 50,000 పరిహారం, 10,000 ఖర్చులు ఇప్పించింది. అది జిల్లా స్థాయి ఉత్తర్వు. నల్లగొండ కమిషన్ దాన్ని అనుసరించి తీరాలని లేదు, కాని వాదనకు పనికొస్తుంది.

మీ పక్షంలో బలహీనతలు కూడా చెప్పాలి, మీ తమ్ముడు చెప్పడు కాబట్టి. చెన్నైలో రెండు బండ్ల మధ్య మీరు ఉంచుకున్నది గంటా పది నిమిషాలు. అంత దూరం నుంచి వచ్చే బండికి అది చాలా తక్కువ వ్యవధి, అది మీ సొంత అజాగ్రత్త అని అవతలివాళ్లు అంటారు. జమ్ము కేసులో ఆ కుటుంబం మూడు గంటల పైచిలుకు ఉంచుకుంది. దీనికి మీ జవాబు ఒకటే: మూడు గంటలు ఉంచుకున్నా, నాలుగు గంటలు ఉంచుకున్నా అయిదున్నర గంటల ఆలస్యానికి ఆ బండి తప్పేదే, 10.30 అపాయింట్‌మెంట్ కూడా తప్పేదే. ఇది సరిపోయే జవాబని నా అభిప్రాయం, కాని అడ్డంకి లేని జవాబు కాదు. ఇంకొకటి, ముగ్గురి టికెట్లూ డబ్బు పెట్టి కొన్నవేనని రాశారు. మరిది పాసు మీద ఎవరైనా ప్రయాణించి ఉంటే ఆ వ్యక్తి తరఫున వినియోగదారు అనిపించుకోవడం కష్టం. ఒకసారి సరిచూసుకోండి.

ఎంత అడగాలి? మీ లెక్కలన్నీ కూడితే 13,460 రూపాయలు. దానికి మనోవేదన, ఖర్చుల కింద కోరదగిన మొత్తం కలపండి. అయిదు లక్షలు అడిగితే ఫీజు పెరుగుతుందని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి ఉండదు, మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. అది అయిదు లక్షల లోపు అయితే ఫీజే లేదు. ఇక్కడ మీరు చెల్లించింది రైలు టికెట్ డబ్బు మాత్రమే. అయినా పదమూడు వేల నష్టానికి అయిదు లక్షలు అడిగిన కాగితం చూసిన సభ్యులకు మొదట వచ్చే ఆలోచన మీకు అనుకూలంగా ఉండదు. జబ్బు ముదిరిందన్న మాట అసలు రాయవద్దు. అయిదు రోజుల ఆలస్యం వల్ల వెన్నుపూస పరిస్థితి దిగజారిందని ఆ డాక్టరు రాసి ఇస్తేనే అది నిలబడుతుంది. ఆయన ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. నిజమైన అయిదు పద్దుల పక్కన నిలబడని ఆరో పద్దు పెడితే, అయిదింటి మీదా అనుమానం వస్తుంది.

మీ మరిది భయం గురించి. ఆయన ఈ కేసులో ఎవరూ కాదు. కేసు వేస్తే అది భారత ప్రభుత్వం మీద, ఆ బండి నడిచిన జోన్ల జనరల్ మేనేజర్ల ద్వారా వేస్తారు. పట్టాల మీద సుత్తి పట్టుకుని పనిచేసే మనిషి పేరు అందులో ఎక్కడా రాదు. తన వదిన డబ్బు పెట్టి కొన్న టికెట్ గురించి ఫిర్యాదు చేస్తే రైల్వే ఉద్యోగి మీద చర్య తీసుకోవాలని ఏ నియమమూ లేదు. అలాగని ఆయన భయం వట్టిదని కొట్టిపారేయవద్దు. పై అధికారి ఒకరు "మీ వాళ్లేనటగా" అని నవ్వుతూ అన్న ఒక్క మాట డ్యూటీలో ఎంత బరువో ఆయనకు తెలుసు, మనకు తెలియదు. మీరు చేయకూడని పని మాత్రం ఒకటుంది. బండి ఎందుకు ఆగిందో లోపల కనుక్కోమని, కంట్రోల్ ఆఫీసు కాగితాలు తెమ్మని ఆయనను అడగకండి. ఆఫీసు సమాచారం బయటికి ఇస్తే అప్పుడు నిజంగానే ఆయన ఉద్యోగం మీదికి వస్తుంది. ఆ మాట మీ నోటితోనే ఆయనకు చెప్పండి, సగం భయం తగ్గుతుంది. అత్తగారి వాసాల లెక్కకు కూడా అదే జవాబు. ఆయన జీతం ఆయన కష్టానికి వస్తోంది, మీ టికెట్ డబ్బు మీ కష్టం నుంచి పోయింది.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు.

ఇంతటితో వదిలేయవచ్చు. ఇది ఓటమి అనుకోవద్దు. 13,000 రూపాయలు పోయాయి, మామగారికి డాక్టరు దొరికాడు, ఇంట్లో మరిదితో మాట చెడలేదు. చాలామంది లెక్క ఇదే, తప్పు లెక్క కాదు. అయితే వదిలేస్తే నిర్ణయించుకుని వదిలేయండి. అలిగి వదిలేస్తే ఈ ఉత్తరం మళ్లీ రాస్తారు.

రెండో దారి, ముందు కారణం కనుక్కోవడం. కేంద్ర ప్రభుత్వ సమాచార హక్కు (ఆర్‌టీఐ) పోర్టల్‌లో 10 రూపాయలతో దరఖాస్తు చేయవచ్చు. ఫలానా తేదీన ఫలానా నంబరు బండి నల్లగొండ నుంచి చెన్నై దాకా ఏ స్టేషనుకు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు కదిలింది, ఎక్కడెక్కడ ఎన్ని నిమిషాలు ఆగింది, ఒక్కో చోట నమోదు చేసిన కారణం ఏమిటి, పనుల కోసం లైను బ్లాక్ తీసుకుని ఉంటే అది ముందే నిర్ణయమైనదా, ప్రయాణికులకు ఎలా తెలియజేశారు అని అడగండి. "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడిగితే ఏదో ఒక వాక్యం రాసి పంపుతారు. నమోదైన వివరాలు అడిగితే కాగితమే ఇవ్వాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ రికార్డులు కలకాలం దాచిపెట్టరు, అందుకే ఈ పని మాత్రం ఆలస్యం చేయవద్దు. వచ్చిన వివరాలను మామగారి పెన్సిల్ రాతతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సరిపోలితే, ఆ కాగితం మీ చేతిలోని అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అవుతుంది. పెన్సిల్ రాత చెరిగేలోపు దానికి రంగు జిరాక్సు తీయించండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి.

కారణం వరదో, పట్టాల ప్రమాదమో అయితే అక్కడ ఆగిపోవచ్చు. పది రూపాయలతో తేలిపోతుంది. కారణం రాయకపోయినా, ముందే తెలిసిన పనులు అయినా, మీ పక్షం బలపడినట్టే.

మూడో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. పాత చట్టంలో అవతలి పక్షం ఉన్న చోటనో, సంఘటన జరిగిన చోటనో వేయాల్సి వచ్చేది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఈ 2019 చట్టం ప్రకారం మీరు ఉన్న జిల్లాలోనే వేయవచ్చు. అంటే నల్లగొండలోనే, చెన్నై పోనక్కరలేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ–జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు, మీకు ఇంకా చాలా సమయం ఉంది. టికెట్లు, అపాయింట్‌మెంట్ కాగితం, కొత్త తేదీ ఇచ్చిన కాగితం, లాడ్జి బిల్లు, బడి వాళ్లు జీతం కోసినట్టు ఉన్న చీటీ, 139 ఫిర్యాదు నంబరు జత చేయండి. ట్యాక్సీకి సగం ఫోనులో, సగం చేతికి ఇచ్చామన్నారు. ఫోనులో వెళ్లిన సగానికి బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. మిగతా సగానికి ప్రమాణ పత్రంలో మీ మాటే ఆధారం, కమిషన్ నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. టికెట్ మీద పేరున్న ప్రయాణికురాలిగా మీరే ఫిర్యాదు చేయవచ్చు. మామగారిని కూడా చేర్చి, ఆయన తరఫున హాజరయ్యే అధికారం మీకు రాయించుకుంటే ఆయన వెన్ను నొప్పితో వాయిదాలకు తిరగనక్కరలేదు.

జరిగేది కూడా తెలుసుకోండి. నోటీసు అందాక రైల్వేకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కావాలంటే మరో 15 రోజులు ఉంటాయి. ఇలాంటి కేసును మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతుంది. చట్టం చాలా చెబుతుంది. ఇది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సిన విషయమని వాళ్లు అభ్యంతరం లేవనెత్తవచ్చు. టికెట్ డబ్బు వాపసు అడిగితే ఆ అభ్యంతరానికి బలం ఉంటుంది, అందుకే టికెట్ ధర వాపసు అడగకుండా, సేవాలోపం వల్ల కలిగిన నష్టం మాత్రమే అడగండి. మీరు గెలిస్తే వాళ్లు 45 రోజుల్లో హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు చేయవచ్చు. చేయాలంటే ఇప్పించిన మొత్తంలో సగం ముందు కట్టాలి. జమ్ము కేసు 2016లో జరిగిన ప్రయాణం, తేలింది 2021లో. చిన్న మొత్తమైనా ఆ సంస్థ చివరిదాకా పోరాడగలదు, జీతం తీసుకునే వకీళ్లున్నారు. మీకు బడి ఉంది, పరీక్షల పేపర్లున్నాయి.

నేనైతే మొదటి దారికీ మూడో దారికీ మధ్య ఇప్పుడే తేల్చుకోను. ఆర్‌టీఐ జవాబు వచ్చాక, ఆ వివరాలతో జోన్ జనరల్ మేనేజరుకు నష్టం లెక్క రాస్తూ ఒక నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, దానికి ఏమంటారో చూసి అప్పుడు ఆలోచిస్తాను. 1915కు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయడం కూడా ఈలోపు చేసుకోదగిన పనే. అయితే నిర్ణయం మీది. అది తీసుకునే రోజున మీ భర్తను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంతవరకూ ఆయన మౌనం మీకు వ్యతిరేకమని మీరు అనుకున్నారు. ఉత్తరంలో ఎక్కడా ఆయన అలా అన్నట్టు లేదు. వాయిదాకు మీరు వెళ్లిన రోజు పిల్లలను బడి నుంచి ఎవరు తెస్తారన్న ప్రశ్నతో మొదలుపెట్టి అడగండి. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు నోరు విప్పని మగవాళ్లు ఇలాంటి వాటికి జవాబు చెబుతారు.

ఆరు నెలలకు మళ్లీ వేలూరు రమ్మన్నారని రాశారు. ఈసారి రైలే అయితే, చెన్నై దాకా ఒక టికెట్, అక్కడి నుంచి మరో టికెట్ తీసేటప్పుడు రెండు పీఎన్‌ఆర్‌లనూ కలపమని చెప్పండి. 2019 ఏప్రిల్ నుంచి ఈ సదుపాయం ఉంది. రెండింటిలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పితే, చెన్నైలో దిగిన మూడు గంటల్లోపు టీడీఆర్ వేస్తే ఆ రెండో టికెట్ డబ్బు కోత లేకుండా వస్తుంది. బుక్ చేసేటప్పుడు నెట్ సెంటర్ అతని నంబరు కాకుండా మీ ఫోను నంబరే ఇవ్వండి. ఏజెంటు ద్వారా తీసిన టికెట్ డబ్బు వాపసు అయినప్పుడు ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే.